సీఓల్లో సుస్థిరత: బరంపురం ట్రైనింగ్‌కి వెళ్లొచ్చి, ఒక సెమిస్టర్ చెప్పాక

ఒడిశాలోని బరంపురంలో ఒక హోటల్ హాల్లో మూడు రోజులు, ఆ తర్వాత ఆన్‌లైన్‌లో రెండు రోజులు. మొత్తం ఐదు రోజుల ఎఫ్‌డీపీ, అంటే లెక్చరర్లకి ఇచ్చే ట్రైనింగ్. యూనివర్సిటీ కోర్సుల సీఓల్లో, అంటే సిలబస్ మొదటి పేజీలో మనం రాసే కోర్స్ అవుట్‌కమ్స్‌లో, సుస్థిరతకి సంబంధించిన సామర్థ్యాలని ఎలా చేర్చాలన్నది విషయం. ఫీజు 3,500 రూపాయలు. సగం కాలేజీ ఇచ్చింది, సగం నేను పెట్టుకున్నాను. నిర్వాహకుల పేరు రాయడం లేదు. ఇలాంటివి నడిపేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. డబ్బు కట్టే ముందు ఏం అడగాలో తెలిస్తే ఎవరి దగ్గరికి వెళ్లినా పనికొస్తుందని ఇది రాస్తున్నాను. వెళ్లొచ్చిన వారంలోనే రాయకుండా ఒక సెమిస్టర్ పాఠం చెప్పాక రాయడానికి కారణం ఉంది. సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజున అన్ని ట్రైనింగులూ బాగానే కనిపిస్తాయి.

మాది పర్లాకిమిడి. పదహారేళ్లుగా సివిల్ ఇంజనీరింగ్ పిల్లలకి నీటి సరఫరా సబ్జెక్టు చెబుతున్నాను. క్లాసులో ఒడియా పిల్లలు, తెలుగు పిల్లలు, కొండల మీంచి వచ్చిన సవర పిల్లలు అందరూ ఉంటారు. పాఠం ఇంగ్లీషులో నడుస్తుంది. అర్థం కాని చోట మాత్రం ఎవరి భాషలో వాళ్లకి చెప్పాల్సిందే.

ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. ఇంజనీరింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ పాత పద్ధతిలో 12 పీఓలు, అంటే డిగ్రీ మొత్తం అయ్యేసరికి పిల్లలకి రావాల్సిన ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్, ఉండేవి, ఏడోది పర్యావరణం, సుస్థిరత. మన సీఓ ఒక్కొక్కటీ ఏ పీఓకి ఎంత దగ్గరో 1, 2, 3 అని టేబుల్ నింపాలి. ఏళ్ల తరబడి నా సబ్జెక్టుకి ఏడో గడిలో 3 వేస్తూ వచ్చాను. నీళ్ల సబ్జెక్టు కదా, పర్యావరణం కాక మరేమిటి అనుకునేదాన్ని. ఒకసారి పాత క్వశ్చన్ పేపర్లు ఆరు ముందేసుకుని కూర్చుంటే తెలిసింది. ఇసుక ఫిల్టరు బొమ్మ గీయండి, క్లోరిన్ మోతాదు కట్టండి, పైపు వ్యాసం కట్టండి. ఈ ఎండాకాలం నీరు ఉంటుందా, వచ్చే పదేళ్లకి ఉంటుందా, కరెంటు బిల్లు ఎవరు కడతారు అన్న ప్రశ్న ఆరు పేపర్లలో ఒక్కటీ లేదు. టేబుల్లో మాత్రం 3. అది నాకు బాగా గుచ్చుకుంది.

పర్యావరణం పాఠం మన దగ్గర కొత్తదేమీ కాదు. ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లోనే అన్ని స్థాయిల్లో చెప్పాలంది. 2003లో మళ్లీ గట్టిగా చెప్పాక యూజీసీ డిగ్రీ పిల్లలందరికీ ఆరు నెలల పేపర్ తెచ్చింది. అందులో ఫీల్డ్‌వర్క్‌కి 25 మార్కులు కూడా పెట్టారు. ఆలోచన మంచిదే. కానీ విడిగా ఒక పేపర్ పెడితే ఏమవుతుందో ఆ రికార్డులు దిద్దిన నాకు తెలుసు. అరవై పుస్తకాల్లో ఒకటే చెరువు, ఒకే వాక్యాలు, చివరికి ఒకే అక్షరదోషం. ఆ పేపర్ అయిపోతే పర్యావరణం అయిపోయినట్టే. ప్రతి సబ్జెక్టు లోపలికీ రావాలన్న మాట నాకు అందుకే నచ్చింది. అది నేర్పుతారన్న ఆశతోనే తెల్లవారుజామున బస్సెక్కాను.

మొదటి రోజు నిరాశ. పొద్దున ఒకరు యునెస్కో 2017లో ఇచ్చిన ఎనిమిది సామర్థ్యాలు చెప్పారు. వ్యవస్థని మొత్తంగా చూడటం, రాబోయేదాన్ని ముందే అంచనా వేయటం, ఏది సరైనదో విలువలతో తూచటం, మార్పు తెచ్చే వ్యూహం, కలిసి పనిచేయటం, ప్రశ్నించి ఆలోచించటం, తన పాత్ర తాను తెలుసుకోవటం, వీటన్నిటినీ కలిపి సమస్యని పరిష్కరించటం. బాగుంది. టీ అయ్యాక ఇంకొకరు వచ్చి, వీక్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు 2011లో రాసిన ఐదు సామర్థ్యాలు చెప్పారు. భోజనం తర్వాత మూడో ఆయన యూరప్ వాళ్లు 2022లో తెచ్చిన గ్రీన్‌కాంప్ అనే జాబితా చెప్పారు, అందులో నాలుగు భాగాలు, పన్నెండు సామర్థ్యాలు. సాయంత్రానికి మా నోట్సులో 25 పేర్లు. ఒకదాన్లో ఉన్నదే ఇంకోదాన్లో వేరే పేరుతో ఉందని, మూడింటికీ మూలం దాదాపు ఒకటేనని ఎవరూ చెప్పలేదు. నా పక్కన కూర్చున్న కామర్స్ మేడమ్, ఆవిడది రాయగడ, పుస్తకం మూసేసి "వీటిలో నాకు ఏది కావాలో ఎలా తేల్చుకోవాలి?" అని అడిగారు. స్టేజీ మీంచి "అన్నీ ముఖ్యమే" అని జవాబు వచ్చింది. అది జవాబు కాదు. ఒక సబ్జెక్టుకి ఐదారు సీఓలు ఉంటాయి. అందులో రెండింటిలో, రెండు సామర్థ్యాలు నిజంగా నేర్పగలిగితే ఆ సెమిస్టర్‌కి అదే చాలా ఎక్కువ. ఈ ఒక్క మాట మొదటి గంటలో చెప్పి ఉంటే ఆ రోజంతా మిగిలేది.

ఇచ్చిన వర్క్‌బుక్ 140 పేజీలు, కాగితం మంచిది, బైండింగ్ గట్టిది. లోపలి సరుకు సగం పాతది. ఎన్‌బీఏ కొత్త పద్ధతిలో పీఓలు 11కి తగ్గి, పర్యావరణం, సమాజం కలిపి ఆరోదానిలోకి వెళ్లాయి. వర్క్‌బుక్‌లో ఇంకా 12 ఉన్నాయి. టేబుల్స్ అన్నీ దాని మీదే కట్టారు, ఇంటికొచ్చి మళ్లీ గీసుకోవాల్సి వచ్చింది. సీఓలు రాయడానికి వాడే బ్లూమ్ క్రియల పట్టిక నాలుగు పేజీలు ఉంది. గుర్తుంచుకోవడం నుంచి సృష్టించడం దాకా ఆరు మెట్లు, ఒక్కో మెట్టుకి పాతిక క్రియలు. దానితో వచ్చే చిక్కు ఏమిటంటే, 'వివరించగలరు' తీసి 'మూల్యాంకనం చేయగలరు' అని పెడితే పని అయిపోయిందనిపిస్తుంది. క్రియ మారింది, పిల్లవాడు చేసే పని మాత్రం మారలేదు. మా టేబుల్ దగ్గర పది మందిలో ఏడుగురం అదే చేశాం.

ఉదాహరణలు విదేశాలవి. క్యాంపస్ క్యాంటీన్‌లో కాగితం కప్పులు, సైకిల్ స్టాండ్లు, భవనం మీద సోలార్ పలకలు. అవి తప్పని అనను. మనది గంజాం జిల్లాలోనే, గజపతి జిల్లా పక్కన నడుస్తున్న ట్రైనింగ్. 1979లో మొదలైన గ్రామ్ వికాస్ సంస్థ ఈ రెండు జిల్లాల పల్లెల్లోనే కొండ ఊట నీటిని పంపు లేకుండా పైపుల్లో ఇంటింటికీ దించింది. ఊళ్లో ఒక్క కుటుంబం కూడా మిగలకుండా అందరూ చేరితేనే పథకం అన్న షరతు పెట్టింది. ఇంటికి సగటున వెయ్యి రూపాయల చొప్పున నిధి కూడబెట్టించింది. మరుగుదొడ్డి, స్నానాలగది, కుళాయి ఇంటింటికీ అన్నది. ఇందులో ఇంజనీరింగ్ ఉంది, డబ్బు లెక్క ఉంది, ఎవరిని వదిలేస్తామన్న న్యాయం ప్రశ్న ఉంది. ఎనిమిది సామర్థ్యాలకీ ఇంతకంటే మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది? వర్క్‌బుక్‌లో ఒక్క వాక్యం లేదు. చివరి రోజు ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఇదంతా రాశాను.

రెండో రోజు కోసమే ఈ ఫీజు కట్టొచ్చు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ ఆ రోజంతా తీసుకున్నారు. స్లైడ్లు వేయలేదు. "మీ సీఓలు తెచ్చుకున్నారు కదా, బల్ల మీద పెట్టండి" అన్నారు. ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

నా మూడో సీఓ పాతది ఇది: 'నీటి శుద్ధి, సరఫరా పద్ధతులను వివరించగలరు.' ముందు రోజు రాత్రి దాన్ని 'సుస్థిర నీటి శుద్ధి, సరఫరా పద్ధతులను విశ్లేషించగలరు' అని మార్చి పెట్టుకున్నాను. ఆయన చదివి, జేబులోంచి పెన్సిల్ తీసి, 'సుస్థిర' అన్న మాట మీద అడ్డంగా ఒక గీత గీశారు.

"అమ్మా, ఈ మాట తీసేస్తే మీ క్వశ్చన్ పేపర్లో ఏ ప్రశ్న మారుతుంది?"

ఆలోచించాను. "ఏదీ మారదు సార్."

"అయితే మాట ఉన్నా లేనట్టే. ముందు ప్రశ్న రాయండి. ఆ ప్రశ్నకి జవాబు రాయాలంటే పిల్లాడికి ఏం చేతనవ్వాలో అదే సీఓ."

అంతే. ఇంకో టేబుల్‌కి వెళ్లిపోయారు. పదహారేళ్లలో నేను పైనుంచి కిందికి రాస్తూ వచ్చాను, సీఓ ముందు, పేపర్ ఆఖర్న. ఆయన కిందనుంచి పైకి రమ్మన్నారు. మధ్యాహ్నం భోజనం దగ్గర కూడా అదే ఆలోచన. భోజనం బాగుంది, డాల్మా, అదే ఒడియావాళ్ల కూరగాయల పప్పు, అడిగి మళ్లీ వేయించుకున్నాను. సాయంత్రం ఐదు గంటలకి నా మూడో సీఓ ఇలా తేలింది: 'ఒక ఊరి నీటి పథకానికి రెండు మార్గాలను ఎండాకాలపు నీరు, కరెంటు, 30 ఏళ్ల ఖర్చు, ఎవరి మీద ఎంత భారం అన్న లెక్కల్లో పోల్చి, ఒకటి ఎంచుకుని, ఎందుకో సమర్థించగలరు.' పొడుగ్గా ఉంది. ఆయన చదివి, "పొడుగైతే ఏం, పరీక్ష పెట్టొచ్చు కదా" అన్నారు.

మూడో రోజు ఇదే దారిలో నడిచింది. విద్యా పరిశోధకుడు జాన్ బిగ్స్ చెప్పిన పొందిక, అంటే సీఓ, క్లాసులో చేయించే పని, పరీక్ష మూడూ ఒకే వరసలో ఉండాలన్నది. ఆపైన రూబ్రిక్, అంటే ఎలాంటి జవాబుకి ఎంత వేయాలో ముందే రాసుకునే పట్టిక, రాయించారు. ఇది రెండో పెద్ద లాభం. నాది నాలుగు మెట్లు. ఒకే పథకం గురించి రాస్తే 1. రెండింటిని పోల్చినా కట్టే ఖర్చు ఒక్కటే చూస్తే 2. ఎండాకాలపు నీరు, కరెంటు లెక్క కూడా వేస్తే 3. ఎవరికి లాభం, ఎవరికి కష్టం అన్నది చూసి, తను ఎంచుకున్నదానిలో లోపం తనే చెప్పగలిగితే 4. ఈ నాలుగు వాక్యాలు చేతిలో ఉంటే దిద్దడానికి టెన్షన్ ఉండదు. పిల్లలకి ముందే ఇచ్చేస్తే ఇంకా మంచిది, నేను ఇచ్చేశాను.

ఆన్‌లైన్ రెండు రోజుల గురించి రాయడానికి పెద్దగా లేదు. స్లైడ్లు చదివారు, క్విజ్ పెట్టారు, సర్టిఫికెట్ పంపారు. మీకు కుదిరితే ముఖాముఖి రోజులు ఎక్కువ ఉన్న బ్యాచ్ చూసుకోండి.

ఇంటికొచ్చాక అసలు పరీక్ష. జనవరిలో కొత్త సీఓతో క్లాసు మొదలుపెట్టాను. మార్చి రెండో వారంలో నలభై మంది పిల్లల్ని మా టౌన్‌కి పన్నెండు కిలోమీటర్ల దూరంలో కొండ కింద ఒక ఊరికి తీసుకెళ్లాను. ఊళ్లో సుమారు 800 మంది. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకి 55 లీటర్లు, అంటే రోజుకి 44,000 లీటర్లు కావాలి. బోరు నుంచి పైట్యాంకు దాకా ఎత్తు 30 మీటర్లు. పంపు, మోటారు కలిపి పెట్టిన కరెంటులో సగమే పనికొస్తుందనుకుంటే రోజుకి ఏడు యూనిట్ల పైమాట, ఏడాదికి దాదాపు 2,600 యూనిట్లు. పిల్లలు బోర్డు మీద లెక్క వేసి, "మేడమ్, కొండ మీద ఊట ఉంది కదా, పైపేస్తే కరెంటే అక్కర్లేదు" అన్నారు. వాళ్ల దృష్టిలో అప్పటికే జవాబు తేలిపోయింది. కరెంటు వాడనిది మంచిది, వాడేది చెడ్డది.

ఊట దగ్గరికి ఎక్కాం. 15 లీటర్ల బకెట్ పెట్టి ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కారు. 38 సెకన్లు. మూడుసార్లు పట్టారు, ఒకటి రెండు సెకన్ల తేడా. రోజుకి 34,000 లీటర్లు. అప్పుడే పదివేలు తక్కువ. అక్కడే పుల్లలు ఏరుకుంటున్న మామ్మ ఒకావిడ చూస్తూ ఉండి, మా తెలుగు విని దగ్గరికొచ్చింది.

"ఏటి కొలుస్తన్నారమ్మా?"

"ఊట నీరు ఎంత వస్తోందో చూస్తున్నాం మామ్మా. ఊరికి సరిపోతుందా అని."

"ఇప్పుడేటి సూస్తారు, మే నెల్లో రండి. దారం పోగునాగ వొస్తాది. బిందె పెట్టి ఇంటికెల్లి గంజి కాసుకొని రావొచ్చు."

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మే నెలలో సగమే వస్తుందనుకున్నా మనిషికి 21 లీటర్లు. కూర్చుని మళ్లీ లెక్క మొదలుపెట్టారు. తొమ్మిది నెలలు ఊట, మూడు నెలలు బోరు కలిపితే? అప్పుడు పైపూ కావాలి, పంపూ కావాలి, కట్టే ఖర్చు పెరుగుతుంది, కరెంటు తగ్గుతుంది. ఏ ఇల్లు చివర ఉంది, నీరు తక్కువైన రోజు ఎవరి కుళాయి అందరికంటే ముందుగా ఆగుతుంది? చివర ఉన్న వీధిలో ఎవరుంటారో ఊళ్లో నడిచి చూసొచ్చారు. ఆ వీధి మిగతా ఊరికంటే ఎత్తులో ఉంది.

ఆర్.ఉదయగిరి వైపు నుంచి వచ్చే ఒక సవర అబ్బాయి, క్లాసులో నోరు విప్పనివాడు, పైపు దారి చూసి "మేడమ్, ఈ వాలు మీద వద్దు" అన్నాడు. ఎందుకని అడిగితే 2018లో తిత్లీ తుఫానప్పటి సంగతి చెప్పాడు. మా గజపతి జిల్లాలో బారఘర దగ్గర కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయిన తుఫాను అది. వాలు నేల వానకి ఎలా కదిలి కిందికొస్తుందో వాడు చిన్నప్పుడు కళ్లారా చూశాడు. పైపు దారి 200 మీటర్లు చుట్టు తిప్పి రాతి మీంచి గీశాడు. రాబోయేదాన్ని ముందే అంచనా వేయటం అని బరంపురంలో నేను నోట్సులో రాసుకున్నదాన్ని వాడు పెన్సిల్‌తో గ్రాఫ్ షీటు మీద చేసి చూపించాడు. వాడి షీటుకి రూబ్రిక్‌లో 4 వేశాను. పదహారేళ్లుగా నా పేపర్లలో వాడికి తెలిసిన ఈ విషయం రాసే చోటే లేదు. ఎంతమంది పిల్లల దగ్గర ఇలాంటివి వినకుండానే పంపించేశానో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఒక విషయంలో మాత్రం ట్రైనింగ్‌తో నేను ఏకీభవించను. తనను తాను తెలుసుకోవటం, విలువలు, వీటికి డైరీ రాయించి మార్కులు వేయమన్నారు. వేసి చూశాను. నలభై డైరీల్లో ముప్పై పైగా నాకు నచ్చే మాటలే ఉన్నాయి. మార్కులున్న చోట పిల్లలు మార్కుల కోసమే రాస్తారు, అది వాళ్ల తప్పు కాదు. రెండో నెల నుంచి మార్కులు తీసేశాను, రాయడం మాత్రం ఆపలేదు. డైరీలు పొట్టివయ్యాయి, నిజమైనవయ్యాయి. ఒకమ్మాయి తమ ఇంట్లో నీళ్లు మోసేది అమ్మా తనూ మాత్రమేనని, ఇంజనీరింగ్ చదువుతున్న అన్న ఏనాడూ బిందె ముట్టలేదని రాసింది. దానికి మార్కు వేయడం ఏమిటి? ఎన్‌బీఏ ఫైలు కోసం కొలవగలిగింది కొలుద్దాం, మిగతాది క్లాసులో ఉండనిద్దాం.

ఇంకో ఫిర్యాదు. మార్చిన సీఓలు పంపితే నెలలోగా నిపుణులు చూసి సలహాలిస్తారని బ్రోచర్‌లో ఉంది. నేను డిసెంబరులోనే పంపాను. పది వారాలకి, అప్పటికి సగం సెమిస్టర్ గడిచాక, ఒక్క లైను మెయిల్ వచ్చింది, బాగా చేశారని. మెచ్చుకోలు కోసం పంపలేదు, తప్పులు దిద్దుతారని పంపాను. ఆ పెన్సిల్ సార్‌కే నేరుగా ఫోన్ చేస్తే అరగంట మాట్లాడి, నాలుగో సీఓలో నేను ఒకే వాక్యంలో మూడు సామర్థ్యాలు కుక్కానని చూపించారు.

నా మార్కులు: ముఖాముఖి మూడు రోజుల్లో రెండో రోజు, మూడో రోజుకి ఐదుకి ఐదు. మొదటి రోజుకి రెండు. వర్క్‌బుక్‌కి రెండు. ఆన్‌లైన్‌కి ఒకటి. తర్వాతి సాయానికి సున్నా. డబ్బు దండగేం కాలేదు, నేను మళ్లీ కడతాను, కానీ ఆ రెండు రోజులకే కడతాను. చేరే ముందు నిర్వాహకులని మూడు అడగండి: మా సీఓలు మేం తెచ్చుకుంటే కూర్చుని దిద్దేవాళ్లు ఉన్నారా, పీఓల జాబితా కొత్తదేనా, మన జిల్లాల ఉదాహరణలు ఉన్నాయా. మీరు వెళ్లేటప్పుడు సీఓల కాగితంతో పాటు గత మూడేళ్ల క్వశ్చన్ పేపర్లు కూడా పట్టుకెళ్లండి. నేను పేపర్లు తీసుకెళ్లలేదు, గుర్తున్నవి రాసుకోవాల్సి వచ్చింది.

మొన్న సెమిస్టర్ పేపర్ సెట్ చేశాను. ఐదో ప్రశ్న, 14 మార్కులు: 'కొండ కింద ఒక ఊళ్లో 600 మంది ఉన్నారు. మనిషికి రోజుకి 55 లీటర్లు కావాలి. కొండ మీది ఊట దగ్గర 12 లీటర్ల బకెట్ మార్చిలో 30 సెకన్లకి, మేలో 55 సెకన్లకి నిండుతుంది. ఊళ్లో బోరు ఉంది, నీరు 25 మీటర్లు ఎత్తాలి. రెండు నెలల్లోనూ ఊట నీరు సరిపోతుందో లేదో లెక్క కట్టండి. మీరు ఏ పథకం ఎంచుకుంటారు? నీరు తక్కువైన రోజు ఏ వీధికి మొదట ఆగిపోతుంది, దానికి మీరు ఏం చేస్తారు?'